తొడ మీద పాదం

పోయిన వారం మీరు నన్ను కుర్చీలో వదిలేసి వెళ్ళారు. మోకాలి మీద ఐసు సంచి, చేతిలో ఫోను, ఫోనులో పకిన్ పంపిన ఒకే ఒక్క ముక్క: "మంగళవారం మధ్యాహ్నం వస్తున్నాను అన్నయ్యా." ఇవాళే ఆ మంగళవారం. ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుంటాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు తవిన్. నలభై ఆరేళ్ళు. ముసుగులు పెట్టుకుని రామాయణం ఆడే మా థాయ్ ఖోన్ ఆటలో పది తలల లంకాధిపతి తొసకన్ వేషం ఇరవై రెండేళ్ళుగా నాదే. వానాకాలం మొదట్లో, నిండు సభలో, ఫ్రా రామ్ వేషం కట్టిన పకిన్ నా తొడ మీద పాదం మోపి పైకి లేచినప్పుడు నా కుడి మోకాలి లోపలి లిగమెంటు తెగింది. కుర్రాడు పాదం పెట్టాల్సిన చోట పెట్టలేదని బృందమంతా తీర్మానించింది. వాణ్ణి రాముడి వేషం నుంచి దించి జెండాలు పట్టే వరసలో నిలబెట్టారు. నాకు ఆపరేషన్ చేయించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆపరేషన్ అయ్యాక ఇది ఏడో వారం. ఇన్నాళ్ళలో పకిన్ ఒక్కసారి కూడా నా గడప తొక్కలేదు.

నిజం చెప్పొద్దూ, ఈ ఏడు వారాల్లో మోకాలి కన్నా ఎక్కువ బాధపెట్టింది ఇల్లే. పదో ఏట బృందంలో చేరినవాణ్ణి. ముప్పై మందితో కలిసి తిని, ముప్పై మంది గురకల మధ్య పడుకుని పెరిగినవాణ్ణి. థొన్‌బురిలో కాలువ పక్కన ఈ రెండు గదుల చెక్క ఇల్లు నాకు బట్టలు మార్చుకోవడానికే ఉండేది. ఇప్పుడు పొద్దున్నే మోటారు పడవ వెళ్తే నేల కొంచెం అదురుతుంది, సాయంత్రం అది తిరిగొస్తే మళ్ళీ అదురుతుంది. నా రోజుకి అవే రెండు సంఘటనలు. పక్కింటి సయూద్ పిన్ని గంజన్నం సంచిలో కట్టి తలుపు కొక్కేనికి తగిలించి, "తిను" అని ఒక్క మాట అనేసి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క మాటని నేను ఎంతసేపు నములుతానో ఆవిడకి తెలియదు. వేదిక మీద పది తలలు పెట్టుకుని తిరిగినవాడికి ఇంట్లో కబుర్లు చెప్పుకోవడానికి ఒక్క తలకాయ దొరకలేదు.

అందుకే మంగళ, శుక్రవారాల్లో గడ్డం గీసుకుంటాను. ఆ రోజుల్లో రెండు గంటలకి ముక్దా వస్తుంది.

ముక్దా ఫిజియోథెరపీ అమ్మాయి. ముప్పై దాటలేదు. అద్దె మోటార్‌సైకిలు వెనక కూర్చుని, ఒళ్ళో నీలం సంచి పెట్టుకుని వస్తుంది. మొదటిరోజే నన్ను బాబాయ్ అంది. పకిన్ లాంటివాడే నన్ను అన్నయ్య అంటాడు, నువ్వు వాడికన్నా పెద్దదానివి, అన్నయ్య అనమని చెప్పి చూశాను. "సరే బాబాయ్" అంది. ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు.

ఇవాళ వస్తూనే చాప పరిచి, నన్ను పడుకోబెట్టి, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టింది.

"నొక్కండి. మోకాలి వెనక భాగం చాపకి తగలాలి. ఒకటి... రెండు... నొక్కండి బాబాయ్, నిద్రపోతున్నారా?"

"నొక్కుతూనే ఉన్నాను."

"ముఖం నొక్కుతోంది. కాలు నొక్కడం లేదు."

కోణం కొలిచే ప్లాస్టిక్ బద్దని కాలి పక్కన ఆనించి చూసి మూతి విరిచింది. నిటారు కావడానికి పోయిన శుక్రవారం ఎంత తక్కువుందో ఇవాళా అంతే తక్కువుంది. పైగా వాపు ఎక్కువైంది.

"మళ్ళీ గోడకి ఆనుకుని ఆ రాక్షస భంగిమ పట్టారు కదా."

"నీకెవరు చెప్పారు?"

"గోడ చెప్పింది. అదిగో, వీపు నూనె మరక. శుక్రవారం లేదు."

ఇక దాచి లాభం లేదు. రోజూ తెల్లారుజామున గోడకి వీపు ఆనించి, తొడలు రెండు పక్కలకీ తెరిచి, మోకాళ్ళు వంచి నిలబడుతున్నాను. రాక్షస వేషగాడికి ఆ నిలకడే ప్రాణం. పదేళ్ళ వయసులో మమ్మల్ని స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, గురువుగారు తన పాదాలతో మా మోకాళ్ళని చెరో పక్కకీ తోసేవారు. ఏడిస్తే ఇంకాస్త తోసేవారు. అలా తెరుచుకున్న మోకాలు మళ్ళీ మూసుకుపోతుందేమోనని నా భయం. ముక్దా చూస్తే కాలు చాపమంటుంది. మా వృత్తిలో కాలు చాపాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

"ముందు చాపడం రావాలి బాబాయ్. చాపలేని కాలితో మీరు రాక్షసుడిగా కాదు కదా, మనిషిగా కూడా నడవలేరు. ఇంట్లో నేను లేనప్పుడు మీరు చేసే పనికి, నేను వచ్చి చేసే పనికి చెల్లు. అలాంటప్పుడు నన్ను రప్పించుకోవడం దేనికి?"

దేనికో చెబితే నవ్వుతుందని చెప్పలేదు. వారానికి రెండు గంటలు ఒక మనిషి గొంతు ఈ ఇంట్లో వినపడుతుంది, అందుకు.

ఆమె గోడకి చేరగిలబడి, సంచిలోంచి నా కాగితాల కట్ట తీసింది. ఏడో వారం నివేదిక ఏదో రాయాలట. రాస్తూ రాస్తూ ఆగింది. మొదటి పేజీకి తిప్పింది. తలెత్తి ఎదురు గోడ మీదున్న మా ప్రదర్శన పోస్టరు చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

"మీ ఆట ఏ రోజున జరిగింది?"

"పద్నాలుగున. పోస్టరు మీద అంత లావున ఉంది కదా."

"ఉంది. మీ కాలి వ్యాయామం లెక్కపెడుతూ ఏడు వారాలుగా దాన్నే చూస్తున్నాను. ఇది మీ చేతిరాతే కదా? నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నచోట పన్నెండు అని రాశారు."

నేను పైకప్పు చూశాను.

"పద్నాలుగున తెగిన మోకాలు పన్నెండునే ఎలా నొప్పి పెట్టింది బాబాయ్?"

కలం జారిందని అనొచ్చు. నొప్పి మందుల మత్తులో రాశానని అనొచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి. కానీ రెండు నెలలుగా ఈ సంగతి నాతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని అడిగేసరికి కడుపులోంచి అదే తన్నుకొచ్చింది.

పన్నెండో తారీఖు సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక సాధనశాలలో ఒక్కణ్ణే ఉన్నాను. ఒంటికాలి మీద తిరిగి నేలని తన్నే అడుగొకటి ఉంది. పాతికేళ్ళప్పుడు ఎలా వేసేవాణ్ణో ఇప్పుడూ అలాగే వేయగలనా అని చూసుకోబోయాను. మోకాల్లో టప్పుమంది. గంటసేపు నేల మీదే కూర్చుండిపోయాను. ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగున మోకాలికి గట్టిగా గుడ్డ కట్టు కట్టుకుని వెళ్ళాను. మా వేషాలకి బొత్తాలుండవు, దుస్తుల్ని ఒంటి మీదే సూదీదారంతో కుట్టేస్తారు. కుట్టాక ఆట అయ్యేదాకా విప్పేది లేదు. లోపల కాలు ఉబ్బుతూనే ఉంది, పైన జరీ మెరుస్తూనే ఉంది. ఆ తర్వాత పకిన్ పాదం మోపాడు.

"తెర వెనక నన్ను పడుకోబెట్టి ముసుగు తీశారు. పెద్ద గురువుగారు అడిగారు, 'వాడు పాదం ఎక్కడ పెట్టాడ్రా?' అని. నేను మోకాలి మీద చెయ్యి పెట్టాను."

"నొప్పి అక్కడుంది కాబట్టి."

"రెండు నెలలుగా నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. కానీ ఆయన అడిగింది నొప్పి గురించి కాదు. ఆ ప్రశ్న నాకు శుభ్రంగా వినపడింది."

నేనే చెప్పుకుపోయాను. కాలు తనంతట తాను పోయిందంటే వయసైపోయిందని అర్థం. వయసైపోయిన రాక్షసుడి ముసుగు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అదే ఇంకొకడి తప్పు వల్ల పోయిందనుకోండి, నేను లేచి వచ్చేదాకా నా ముసుగు అలమరలో నాకోసం ఆగుతుంది. ఆగే ఉంది. వచ్చే గురువారం గురుపూజలో ముసుగులన్నీ బయటికి తీస్తారు. ఈ ఏడు ఎవరి వేషం ఎవరిదో ఆ రోజే ఖాయం చేస్తారు. తొసకన్ పచ్చముఖం ముసుగు నాదేనని గురువుగారు ఇప్పటికే అందరికీ చెప్పేశారు.

"ఆ అబ్బాయికి తెలుసా?"

"తెలియదు."

"ఇవాళ వస్తున్నాడన్నారు."

"అవును."

ముక్దా కాగితాలు సర్దింది. కరిగిపోయిన ఐసు సంచి తీసుకుని వంటగది వైపు నడుస్తూ గుమ్మంలో ఆగింది.

"నాకు మోకాలి వైద్యమే వచ్చు బాబాయ్. మిగతాది రాదు."

కొళాయి నీళ్ళ చప్పుడు మొదలైంది. వీధి తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు అయింది.

పకిన్ గడప దాటి రెండడుగులు వేసి, పెద్దల ఎదుట పద్ధతిగా మోకాళ్ళ మీదకి దిగి, అలాగే నా చాప దాకా వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చిక్కిపోయాడు. రాముడి వేషానికి దవడలు నునుపుగా ఉండాలని పంది కొవ్వు ముట్టని పిల్లాడు, ఇప్పుడా దవడల్లో గుంటలు పడ్డాయి. చేతుల్లో పళ్ళెం ఉంది. పళ్ళెంలో మల్లెలు, అగరుబత్తీలు, కొవ్వొత్తులు.

దాన్ని చూడగానే వాడెందుకొచ్చాడో తెలిసిపోయింది. క్షమాపణ పళ్ళెం మాలో ఆషామాషీ వ్యవహారం కాదు. చిన్నవాడు ఇస్తాడు, పెద్దవాడు రెండు చేతులా అందుకుంటాడు. అందుకున్నామంటే తప్పు అతనిది, మన్నించింది మనం. గురువుల సాక్షిగా అక్కడితో తీర్పు అయిపోయినట్టే, ఇంకెవ్వరూ ఎప్పుడూ దాన్ని తిరగదోడకూడదు.

"కాలెలా ఉంది అన్నయ్యా?"

"ఉంది. నువ్వేంట్రా ఇలా అయ్యావు? తింటున్నావా?"

"తింటున్నాను."

"టీ తాగుతావా? సయూద్ పిన్ని అరటికాయ బజ్జీలు ఇచ్చింది, ఇంకా చల్లారలేదు."

"ముందు ఇది అందుకోండి అన్నయ్యా." పళ్ళెం నుదుటిదాకా ఎత్తాడు. "చేసిన తప్పుకి మన్నించమని అడగడానికి వచ్చాను. గురువారం పూజ అయ్యాక బృందం వదిలేస్తున్నాను. అయుత్తయలో మా మావయ్యకి పడవలు బాగుచేసే షెడ్డుంది. అక్కడ చేరతాను. మీ కోపం వెంటబెట్టుకుని వెళ్ళలేను."

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు, సంతోషం. రెండు నెలల తర్వాత మా బృందం మనిషి ఒకడు నా ఎదురుగా కూర్చున్నాడు. వాడి చొక్కాకి సాధనశాలలో వేసే ధూపం వాసన ఇంకా పట్టి ఉంది. పళ్ళెం తీసుకుంటే వాడు టీ తాగుతాడు, బజ్జీలు తింటాడు, అక్కడి కబుర్లు చెబుతాడు. నా వేషం నాకుంటుంది. నా రెండు చేతులూ లేచాయి. పళ్ళేనికి జానెడు దూరం దాకా వెళ్ళాయి.

వంటగదిలో కొళాయి ఆగిపోయింది.

"కింద పెట్టు దాన్ని" అన్నాను.

"మన్నించరా అన్నయ్యా?"

"మన్నించడానికి నువ్వేం చేశావని? మోకాలు ముందే పోయిందిరా. పన్నెండునే పోయింది. నీ పాదం పెట్టాల్సిన చోటే పెట్టావు, తొడ మొదట్లో. నాకు తెలుసు."

ఏడుస్తాడనుకున్నాను. లేకపోతే పళ్ళెం విసిరికొడతాడనుకున్నాను. దానికైతే సిద్ధంగానే ఉన్నాను. వాడు తల వంచుకుని మల్లెల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నాకూ తెలుసు అన్నయ్యా."

"ఏం తెలుసు?"

"దుస్తులు కుట్టేటప్పుడు మీ పక్కనే ఉన్నాను కదా. కాలికి కట్టు చూశాను. మీరు దాచుకున్న సంగతి చిన్నవాణ్ణి నేను నోరెత్తి ఎలా అడగను? పాదం తేలిగ్గా మోపుదామనుకున్నాను. తేలిగ్గా మోపితే ఇద్దరం పడతాం. అందుకని బరువంతా వేశాను. మీ కాలు వణకడం నా అరికాలికి తెలిసింది. అప్పుడైనా దిగిపోవాల్సింది. దిగలేదు."

"గురువుగారు అడిగినప్పుడు చెప్పొచ్చు కదరా."

"మీరు మోకాలి మీద చెయ్యి పెట్టారు. అందరి ముందు మీ చెయ్యి అబద్ధం చెబుతోందని నేనెలా అనను?"

"రెండు నెలలు రాలేదేం మరి?"

"వస్తే నిజం నోరుజారతానని."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చూడండి మా మర్యాదలు. కాలు బాగాలేదని పెద్దవాణ్ణి నేను ఒప్పుకోలేదు, నామోషీ. బాగాలేదు కదా అని చిన్నవాడు అడగలేదు, గౌరవం. ఇద్దరం కలిసి ఒక మోకాలు తెంపుకున్నాం. ఆ తర్వాత వాడక్కడ జెండా పట్టుకుని, నేనిక్కడ చాప మీద పడుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా రెండు నెలలు గడిపేశాం. ఆ ఒంటరి మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. వాడు చూడనట్టు కూర్చున్నాడు, అది కూడా మర్యాదే.

తర్వాత వాడు పళ్ళెం మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నాడు.

"తీసుకోండి అన్నయ్యా. నేను ఎలాగూ వెళ్ళిపోతున్నాను. నాకు ఇరవై ఆరేళ్ళు, పడవల పని నేర్చుకోగలను. మీరేం నేర్చుకుంటారు ఇప్పుడు? ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండిపోతుంది."

"పిచ్చి వాగుడు వాగకు."

"ఆలోచించే టైము లేదు. పెద్ద గురువుగారు సందు చివర కాఫీ కొట్లో కూర్చున్నారు. పెద్దదిక్కుగా నన్ను వెంటబెట్టుకొచ్చింది ఆయనే. మీరు పళ్ళెం అందుకున్నారని నేను వెళ్ళి చెబితేనే లోపలికొస్తారు. ఏమని చెప్పమంటారు?"

పక్కనున్న కర్ర అందుకున్నాను. ఎడమ కాలి మీద బరువేసి, కుర్చీ పట్టుకుని లేచాను. ముక్దా తడిచేతులతో వంటగదిలోంచి వచ్చింది.

"ఎక్కడికి?"

"కాఫీకి."

"గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. మీకు మెట్లు ఇంకా నేర్పలేదు."

"ఇప్పుడు నేర్పు."

ఆస్పత్రికి వెళ్ళిన రెండుసార్లూ నన్ను ఇద్దరు మోసి దించారని ఆమెకి తెలుసు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నాకన్నా ముందే గుమ్మంలోకి వెళ్ళి, రెండు మెట్లు దిగి, నావైపు తిరిగి నిలబడింది.

"దిగేటప్పుడు చెడిపోయిన కాలే ముందు. కర్ర, ఆ కాలు కలిసి కిందికి. బాగున్న కాలు తర్వాత. తొందరపడితే ఇంకో ఏడు వారాలు నన్ను భరించాలి."

పకిన్ పళ్ళెం పట్టుకునే నా వెనక వచ్చాడు. "వద్దన్నయ్యా. మీరు చెబితే గురువారం మీ ముసుగు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఇస్తారు."

"తర్వాత మీరేం చేస్తారు?"

కర్ర, కుడి కాలు కలిపి కిందికి వేశాను. మోకాలు మండింది కానీ నిలబడింది. ఎడమ కాలు తెచ్చి దాని పక్కన పెట్టాను. ముక్దా పైకి వినపడకుండా పెదాలతోనే లెక్కపెడుతోంది. రెండో మెట్టు మీదికి వచ్చేసరికి నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

సందు చివర కాఫీ కొట్టు రేకు నీడలో ఉన్న పెద్ద గురువు సంగియమ్‌గారు నన్ను చూశారు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. ఒకప్పుడు నా మోకాళ్ళని తన పాదాలతో తెరిచింది ఆయనే. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి, కొట్టు ఆవిడతో అంటున్న మాట సందంతా వినిపించింది.

"చూశావా, మా తొసకన్ దిగొస్తున్నాడు. ఆ కుర్రాణ్ణి మన్నించేశాడు. వీడి మనసు నాకు తెలుసు, నా చేతుల్లో పెరిగినవాడు."

గొడుగు కూడా మరిచిపోయి ఎండలో నడుచుకుంటూ వస్తున్నారు. ముఖమంతా నవ్వే. నా మొదటి ప్రదర్శన రోజున కూడా ఆయన ఇంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. నేను ఆఖరి మెట్టు మీద ఉన్నాను. వెనక పకిన్ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగాడు. ముక్దా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"గురువుగారూ" అని పిలిచాను.

ఆయన అప్పటికే నన్ను దీవించడానికి చెయ్యి ఎత్తారు.